గుత్తి కోట: సొంత ఊరి కొండను యాత్రికుడిలా చూస్తే

అనంతపురం జిల్లా గుత్తిలో పెరిగినవారికి కోట అంటే దిక్కు చెప్పుకోవడానికి పనికివచ్చే కొండ. ఎవరి ఇల్లయినా కోట కిందనో, కోటకు ఎదురుగానో ఉంటుంది. హైదరాబాదు నుంచి రాత్రి బస్సులో వచ్చేవారు తెల్లవారుజామున ఆ కొండ నల్లగా కనబడగానే సంచులు సర్దుకుంటారు. ఇంత పరిచయం ఉన్నా, శిఖరం దాకా ఎక్కి, ఏది ఎందుకు కట్టారో నిలబడి చూసినవారు మాలో తక్కువ. బడిలో చదివే రోజుల్లో కింది వాకిళ్ల దాకా వెళ్లి రావడం, పెద్దయ్యాక చుట్టాలు వస్తే డాబా మీద నుంచి వేలు చూపి "అదే మా కోట" అనడం, అంతటితో సరి. ఈ చలికాలంలో నేనూ మా చిన్నాయన కొడుకూ కలిసి, ఊరికి కొత్తగా వచ్చినవారు ఎలా వెళతారో అలాగే వెళ్లాలని నిశ్చయించుకున్నాం. ముందుగా కోట చరిత్ర చదువుకున్నాం, నీళ్లూ తిండీ టోపీలూ సర్దుకున్నాం, పొద్దున నుంచి మధ్యాహ్నం దాకా ఇంకే పనీ పెట్టుకోలేదు. ఆ చూపుతో రాసిన సమీక్ష ఇది.

నా తీర్పు ముందే చెబుతాను. కొండ ఎక్కగల శక్తి ఉన్నవారు గుత్తి కోటను తప్పక చూడాలి. గండికోటకూ లేపాక్షికీ రాష్ట్రాలు దాటి వచ్చేవారు ఎందరో జాతీయ రహదారి మీద గుత్తిని దాటుతూ ఈ కోటను కారు అద్దంలోంచి చూసి వెళ్లిపోతారు. వాళ్లు అక్కడ ఆగి ఒక పూట కేటాయిస్తే రాయలసీమ గురించి చాలా తెలుసుకుని వెళతారు. అయితే ఏమీ చదవకుండా, ఎవరూ తోడు లేకుండా ఎక్కితే మాత్రం అలసటా, దూరపు పొలాల దృశ్యమూ తప్ప ఇంకేమీ దక్కకపోవచ్చు. పైన కనబడేవాటిలో చాలా భాగం పైకప్పులు పోయిన గోడలూ, ఎండిన తొట్లూ, పొదలు కమ్మిన వాకిళ్లే. వాటిని చూడడానికి ఒక వరస ఉంది, ఆ వరస నీటితో మొదలవుతుంది. ఎక్కేటప్పుడు ప్రతి మలుపులోనూ "ఇక్కడి మనుషులు ఏ నీళ్లు తాగారు?" అని అడుగుతూ ఎక్కమంటాను.

చేరుకోవడం తేలిక. హైదరాబాదు నుంచి బెంగళూరుకు పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఊరి పక్కనుంచే పోతుంది. తాడిపత్రి వైపు నుంచి వచ్చే 67వ నంబరు రహదారి ఇక్కడే దానిని కలుస్తుంది. అనంతపురం నుంచి సుమారు 50 కిలోమీటర్లు, బస్సులకు కొదవ లేదు. రైలులో వచ్చేవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: స్టేషను ఊళ్లో లేదు, గుత్తి ఆర్‌.ఎస్‌. అని పిలిచే వేరే పేటలో ఉంది, అక్కడి నుంచి ఊళ్లోకి ఆటో ఎక్కాలి. పాత ఊరి సందుల్లోంచి కోట దారి పట్టుకోవాలి గనుక కారును ఊళ్లోనే నిలిపి నడవడం మేలు. ప్రవేశానికి మమ్మల్ని రుసుము అడిగినవారు లేరు.

కోట ఆకారం కింది నుంచి చూసేవారికి బోధపడదు. ఊరినుంచి కనబడే పెద్ద గుండు ఒక్కటే కోట అనుకుంటాం. నిజానికి అది కొండల వలయం. ఎత్తయిన గుట్టలను తక్కువ ఎత్తు మిట్టలు కలుపుతాయి, ఆ మిట్టల మీద గోడలు పరుచుకుని ఉంటాయి, మధ్యలో మైదానం, అందులో పాత ఊరు. మొత్తం అమరికను శంఖంతో పోలుస్తారు. లోపల 15 చిన్న కోటలూ, వాటికి 15 ముఖద్వారాలూ ఉన్నాయని చెబుతారు. అన్నిటికన్నా ఎత్తయిన పడమటి గుట్ట మీద ఉన్నది లోకోట; అది చుట్టుపక్కల నేల కన్నా సుమారు 300 మీటర్లు ఎత్తు. ఎక్కడానికి ఉన్నది ఒక్కటే దారి, అది వంపులు తిరుగుతూ ఒక వాకిలి నుంచి మరో వాకిలికి పోతుంది.

ఆ దారే కోటలో మొదటి చూడదగ్గ వస్తువని నా అభిప్రాయం. రాతి పలకలు పరిచిన మెట్లదారి కొన్నిచోట్ల బాగానే ఉంది, కొన్నిచోట్ల రాళ్లు కదిలిపోయాయి. ప్రతి వాకిలి దగ్గరా దారి ఒక్కసారిగా పక్కకు తిరుగుతుంది. అలా తిరిగినప్పుడు ఎక్కేవాడి పక్క భాగం పైగోడకు ఎదురవుతుంది. గుంపుగా పరిగెత్తి వచ్చేందుకూ, ఏనుగుతో తలుపును గుద్దించేందుకూ చోటు లేకుండా వాకిలి ముందు స్థలాన్ని ఇరుకు చేశారు. వాకిలి దాటగానే తల ఎత్తి చూస్తే పై వరస బురుజులో తుపాకి రంధ్రాలు మన మీదికే చూస్తుంటాయి. గోడలు కట్టినవారు కొండ తానుగా ఇచ్చిన దానిని ఎక్కడా వృథా చేయలేదు. నిలువు బండ ఉన్నచోట గోడ లేదు, బండే గోడ. రెండు గుండ్ల మధ్య సందు ఉన్నచోట మాత్రం దానిని రాళ్లతో మూశారు. మా తమ్ముడు సివిల్‌ ఇంజనీరు, గోడ ఎక్కడ మొదలయిందో బండ ఎక్కడ ముగిసిందో వేలితో తడిమి తేల్చుకుంటూ ఒక్కో మలుపులో చాలాసేపు ఆగాడు. నాకు విసుగు రాలేదు. అంత నెమ్మదిగా ఎక్కడం వల్లనే దారి ఎవరి కంటికి ఎక్కడ చిక్కుతుందో అర్థమయింది.

మొదటి వాకిళ్ల దగ్గర మేకలు మేపుకుంటున్న అవ్వ ఒకామె మమ్మల్ని చూసి, "యాడ నుంచి వచ్చినారు నాయనా? నీళ్లు తెచ్చుకున్యారా? పైన చుక్క దొరకదు" అని అడిగింది. "ఈ ఊరోళ్లమే అవ్వా" అంటే నమ్మినట్టు లేదు. ఆమె మాట అక్షరాలా నిజం. ఆ మాటలోనే ఈ కోట చరిత్ర అంతా ఉంది.

అనంతపురం జిల్లా దేశంలోనే అతి తక్కువ వాన పడే ప్రాంతాల్లో ఒకటి; ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల లోపు. కొండ అంతా నల్లరాయి, ఎక్కడా మట్టి లోతు లేదు, ఊట బావి తవ్వడానికి అనువు కాదు. అటువంటి చోట వందలమంది సైనికులూ, గుర్రాలూ నెలల తరబడి ఉండాలంటే పడ్డ వాననంతా పట్టి నిలుపుకోవడం తప్ప మార్గం లేదు. పైకి ఎక్కిన తర్వాత భవనాల వైపు పోకుండా ముందు పరుపు బండల వాలు ఎటు ఉందో చూడండి. వాన నీరు బండ మీద పడి ఏ పల్లానికి జారుతుందో ఆ పల్లంలో ఒక దోన, అంటే నీళ్లు నిలిచే రాతి గుంట, ఉంటుంది. కొన్ని సహజంగా ఏర్పడినవి. కొన్నిటి అంచు ఎత్తు చేసి, గచ్చు పూసి పెద్దవి చేశారు. మరికొన్ని మెట్లతో కట్టిన కోనేళ్లు. కోటలో 108 బావులు ఉండేవని ఊళ్లో అందరూ చెప్పే మాట. నిండా దోనలూ కోనేళ్లూ ఉన్న ఈ కొండ మీద ఆ మాట పుట్టడం సహజమే. ఒక బావికి కొండ కింది వంకతో సంబంధం ఉందని కూడా చాలాకాలంగా చెప్పుకుంటున్నారు.

నీటి తర్వాత తిండి. ధాన్యం కొట్లు లావుపాటి గోడలతో, చిన్న వాకిళ్లతో, తేమ దూరనీయకుండా కట్టారు. వాటి లోపల నిలబడితే బయటి ఎండ మరిచిపోతాం. మందుగుండు కొట్టు అని చెప్పే కట్టడమూ, సాముగరిడీ చేసే వ్యాయామశాల అని చెప్పే మరో కట్టడమూ శిఖరం మీద శిథిలమై ఉన్నాయి. వీటిలో ఏదీ హంపి మండపాల వంటి శిల్పసంపద కోసం చూడవలసింది కాదు. శిల్పాలు చూడాలనుకునేవారు తాడిపత్రికి పోవడం మంచిది. ఇక్కడి పని అంతా అవసరం కోసం చేసింది, గోడ మందం దగ్గర నుంచి వాకిలి ఎత్తు దాకా దేనికీ అలంకారం లేదు. నాకు ఆ పొదుపు చాలా నచ్చింది.

ఇంత ఏర్పాటు చేసుకున్న కోట చివరికి నీళ్లు లేకనే పోయింది. 18వ శతాబ్ది మధ్యలో దీనిని తన రాజధానిగా చేసుకుని గోడలు బాగు చేయించిన మరాఠా సర్దారు మురారి రావు ఘోర్పడే. దక్షిణ దేశంలో ఆయన పేరు తెలియని దర్బారు అప్పట్లో లేదు: 1740ల తొలి సంవత్సరాల్లో తిరుచిరాపల్లిని ఏలాడు, 1751లో ఆర్కాటులో చిక్కుకున్న ఈస్టిండియా కంపెనీ సేనాని క్లైవుకు సాయంగా తన గుర్రపు దండుతో కదిలాడు. మైసూరు హైదరలీ 1775లో గుత్తి మీదికి వచ్చాడు. ఊరూ కింది కోటా త్వరగానే పోయాయి, లోకోట మాత్రం లొంగలేదు. నెలలు గడిచేకొద్దీ దోనలు అడుగంటాయి. పాత చరిత్ర గ్రంథాల్లో ఒక కథనం ఉంది: మురారి రావు కప్పం ఇచ్చేందుకు ఒప్పుకుని, పూచీగా ఒక యువకుణ్ణి హైదరు శిబిరానికి పంపాడు, అతను మాటల్లో పడి, నీళ్లు అయిపోవడం వల్లనే తమ దొర సంధికి దిగాడని చెప్పేశాడు, అది విన్న హైదరు సంధి మాట పక్కనపెట్టి ముట్టడిని మళ్లీ బిగించాడు. 1776లో కోట లొంగింది. మురారి రావును శ్రీరంగపట్నానికీ, అక్కడి నుంచి కబ్బాళదుర్గం అనే కొండకోటకూ తీసుకుపోయారు. ఆయన ఆ చెరలోనే చనిపోయాడు.

పుస్తకంలో చదివితే ఇది ఒక పేరా. పైన ఎండిన కోనేటి మెట్ల మీద కూర్చుని చదివితే వేరుగా ఉంటుంది. గోడ మీద పాచి గీత నీళ్లు ఎక్కడి దాకా నిండుతాయో చూపిస్తుంది, అడుగున పచ్చగా మిగిలిన మడుగు ఎంత త్వరగా తరిగిందో చూపిస్తుంది. అందుకే కోటకు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లమని చెబుతాను. వానలు వెనకబట్టిన వెంటనే వెళితే దోనలు నిండి కొండ పచ్చగా ఉంటుంది, ఫొటోలకు అదే మంచి కాలం, కానీ బండలు జారతాయి. ముట్టడి కథ కళ్లకు కట్టాలంటే ఫిబ్రవరిలో వెళ్లండి. మార్చి దాటితే మాత్రం వద్దు. ఇక్కడి వేసవి 40 డిగ్రీలు దాటుతుంది. బండ పగలంతా కాగి ఆ వేడిని సాయంత్రం దాకా వదులుతూనే ఉంటుంది, పైన నిలబడడానికి చెట్టు నీడ లేదు.

శిఖరం మీద అందరూ ఫొటో తీసుకునే చోటు మురారి రావు గద్దె. కొండ అంచున, సుమారు 300 అడుగుల నిలువు బండ కొసన, నున్నగా మెరుగుపెట్టిన సున్నపు గారతో కట్టిన చిన్న మండపం. ఆయన అక్కడ కూర్చుని చదరంగం ఆడేవాడనీ, ఊయల ఊగేవాడనీ, ఒక కన్ను ఎప్పుడూ కింద ఊరి మీదే ఉంచేవాడనీ చెబుతారు. అక్కడ కూర్చున్నాక ఆ మాటలో అతిశయోక్తి కనబడలేదు. పాత ఊరి ప్రతి వీధీ, ఊళ్లోకి వచ్చే ప్రతి బాటా ఆ చోటు నుంచి తెలుస్తుంది. ఈనాడు రహదారి మీద లారీలూ, దూరంగా రైలు పట్టాలూ, వాటి అవతల వేరుశనగ చేలూ, మేఘాల నీడలతో కదిలే ఎర్రనేలా కనబడతాయి. మా వీధిని వెతికి పట్టుకున్నాం. మా ఇంటి మేడ మీద ఆరేసిన చీర రంగు దాకా కనబడిందని తమ్ముడు వాదించాడు. సొంత ఊరిని ఏలేవాడి స్థానం నుంచి చూడడం ఒక వింత అనుభవం, దాని కోసమైనా గుత్తివారు ఒకసారి ఎక్కాలి. పిల్లలతో వెళ్లేవారికి గట్టి హెచ్చరిక: గద్దె చుట్టూ అడ్డుకమ్మీలను నమ్ముకునే పరిస్థితి లేదు, అంచు ఒక్కసారిగా దిగిపోతుంది, గాలి బలంగా ఉంటుంది. పిల్లల చెయ్యి వదలకండి. సెల్ఫీ కోసం వెనక్కి అడుగు వేయవద్దు.

రాళ్ల మీద చెక్కిన శాసనాల గురించి ఎవరూ చెప్పకపోతే చాలామంది పక్కనుంచే నడిచి పోతారు. కోటలోని పాత శాసనాలు కల్యాణి చాళుక్య చక్రవర్తి ఆరవ విక్రమాదిత్యుని కాలానివి, అంటే 11వ శతాబ్ది చివరివీ, 12వ శతాబ్ది మొదటివీ. సంస్కృతం, కన్నడం, తెలుగు మూడూ ఈ కొండ మీద కనిపిస్తాయి. విజయనగర బుక్కరాయల పేరు చెప్పే శాసనం ఈ కోటను దుర్గాలకు రాజుగా పొగిడింది. ఆ పొగడ్త చదివాక మళ్లీ ఒకసారి వాకిళ్ల వరసను తలుచుకుంటే, అందులో రాజుగారి మెప్పు కోసం రాసింది తక్కువే అనిపించింది. విజయనగరం తర్వాత గోల్కొండ, మొగలు పాలనలు, మరాఠాలు, హైదరు, టిప్పు, చివరికి నిజాము. నిజాము 1800లో ఈ ప్రాంతాన్ని కంపెనీకి ఇచ్చేయడంతో ఇది దత్త మండలాల్లో చేరింది. ఇన్ని చేతులు మారిన కోటలో ఏ గోడ ఎవరిదో తేల్చుకోవడం కష్టమే. అయినా పెద్ద పెద్ద బండలను సున్నం లేకుండా పేర్చిన వరసల మీద చిన్న రాళ్లతో, గారతో లేపిన పైవరసలు చాలాచోట్ల కనబడతాయి, పాతదాని మీద కొత్తది ఎక్కడ మొదలయిందో కాసేపు చూస్తే కన్ను పట్టుకుంటుంది. శాసనం అక్షరాలు పొద్దున ఏటవాలు ఎండలో బాగా తెలుస్తాయి, నడినెత్తి ఎండలో బండలో కలిసిపోతాయి. అక్షరాలు కనబడాలని సుద్దముక్కతో గీయడం, రంగు నింపడం ఎవరూ చేయకూడదు. పేర్లు చెక్కడం అంతకన్నా ఘోరం. ఒక వాకిలి లోపలి గోడ మీద కొత్త పేర్లూ, ప్రేమ గుర్తులూ చూసి నాకు నిజంగా బాధ కలిగింది. రక్షిత స్మారకాన్ని పాడుచేస్తే 1958 నాటి చట్టం కింద రెండేళ్ల దాకా జైలు గానీ, లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. ఆ సంగతి మన బడుల్లో పిల్లలకు చెప్పాలి. ఆ పేర్లు చెక్కింది దూరం నుంచి వచ్చినవారు అయి ఉండరు, మన ఊరి పిల్లలే అయి ఉంటారు.

దిగి వచ్చేటప్పుడు కొండ అడుగున ఉన్న తెల్లదొరల సమాధుల తోట చూడండి. ఎక్కేటప్పుడు చూస్తే ఎండెక్కిపోతుంది; పైగా కోట కథలో అది చివరి అధ్యాయం. 1800 నుంచి 1807 దాకా దత్త మండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసి, భూమిని కొలిపించి, రైతుకూ సర్కారుకూ మధ్య దళారి లేకుండా శిస్తు కట్టే రైత్వారీ పద్ధతిని ఇక్కడ నడిపించిన థామస్‌ మన్రో, తర్వాత మద్రాసు గవర్నరయ్యాడు. పదవి విడిచి స్వదేశానికి పోయేముందు తాను పనిచేసిన సీమను చివరిసారి చూడాలని వచ్చి, 1827 జూలై 6న పత్తికొండలో కలరాతో చనిపోయాడు. గుత్తికి తెచ్చి ఈ తోటలో పాతిపెట్టారు. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్‌ మేరీ చర్చికి తరలించారు. ఈ సీమలో జనం ఆయన పేరు మీద పిల్లలకు మన్రోలప్ప, మన్రోలయ్య అని పెట్టుకున్నారు. ఆయన కాలపు శిస్తు తేలికైనదేమీ కాదు. దానిని 25 శాతం తగ్గించాలని 1807లో ఆయనే సిఫారసు చేశాడు, పైవారు అప్పట్లో ఒప్పుకోలేదు. కొండ మీద ముట్టడికి ఎండిన దోనలు చూసి వచ్చిన వెంటనే, ఆ ఎండిన నేల మీద ఎంత శిస్తు వేయవచ్చని లెక్కలు కట్టిన మనిషి గురించి ఆలోచించడం నాకు సమంజసంగా తోచింది. సమాధుల మీది రాతలు చదువుతూ పోతే ఎక్కువమంది చాలా చిన్న వయసులో పోయినవారే అని తెలుస్తుంది. అక్కడ గట్టిగా మాట్లాడకుండా, రాళ్ల మీద కూర్చోకుండా చూసి రావాలి.

ఇక సౌకర్యాలు. ఈ విషయంలో దాచడానికేమీ లేదు. పైన తాగునీరు లేదు, దుకాణం లేదు, మరుగుదొడ్డి లేదు. మనిషికి కనీసం రెండు లీటర్ల నీళ్లు మోసుకుపోవాలి, ఖాళీ సీసాలు కిందికి తిరిగి తేవాలి. వాకిలి వాకిలికీ ఇది ఏమిటి, ఎప్పటిది అని తెలుగులో రాసిన పలక ఉంటే ఈ కోట విలువ రెట్టింపు అవుతుంది. మేము వెళ్లిన దారిలో అటువంటివి కనబడినచోట్లు చాలా తక్కువ. కాబట్టి ముందుగా చదువుకుని వెళ్లడం తప్పనిసరి. వీలైతే దారి తెలిసిన ఊరి మనిషిని తోడు అడగండి, అతని పూటను గౌరవించి తగిన డబ్బు ఇవ్వండి. దారి తప్పే ప్రమాదం శిఖరం దగ్గర తక్కువ, పక్క గుట్టల మీదికి పోయినప్పుడు ఎక్కువ, అక్కడ కంప పెరిగి కాలిబాట మూసుకుపోతుంది. వానాకాలంలో పాములుంటాయి. చెప్పులతో వెళ్లవద్దు, పట్టు ఉన్న బూట్లు వేసుకోండి. పొద్దున ఆరున్నరకు మొదలుపెడితే మామూలు ఆరోగ్యం ఉన్నవారు నిలుచుంటూ చూసుకుంటూ రెండు గంటల్లో పైకి చేరతారు. ఎండ ముదరకముందే దిగడం మొదలుపెట్టవచ్చు. ఒంటరిగా ఎవరూ వెళ్లకూడదు, చీకటి పడేదాకా ఉండకూడదు.

మోకాళ్ల నొప్పులున్నవారినీ, గుండె జబ్బున్నవారినీ పైకి రమ్మని బలవంతం చేయవద్దు. మా పెద్దమ్మ కూడా వస్తానంటే మరోరోజు ఆమెను మొదటి వాకిళ్ల దాకా మాత్రం తీసుకుపోయాం, సమాధుల తోటా చూపించాం. ఆమె ఊళ్లో కాపురానికి వచ్చిన తర్వాత కోట వాకిలి దాటడం అదే మొదటిసారి. గోడ కింద నీడలో కూర్చుని, తెచ్చుకున్న బొరుగులు తిని, చాలా తృప్తిగా వెనక్కి వచ్చింది. అంతమాత్రం చూసినా ఈ కోట బలం ఎటువంటిదో పోల్చుకోవచ్చు.

దిగాక ఆకలి మండిపోతుంది. కొత్తవారికి చెప్పవలసిన మాట: పొద్దున పూట గుత్తిలో ఉగ్గానీ మిరపకాయ బజ్జీ తినకుండా పోవద్దు. బొరుగులను నీళ్లలో తడిపి పిండి, ఉల్లిగడ్డ తాలింపులో కలిపి, పుట్నాల పొడి చల్లి పెడతారు. బజ్జీ వేడిగా ఉన్నప్పుడే కొరకాలి. ఈ పలహారం పదింటి తర్వాత చాలాచోట్ల అయిపోతుంది గనుక, ఆలస్యంగా దిగేవారు మధ్యాహ్నం సంగటీ చెనక్కాయల చట్నీ దొరికే చోటు అడిగి వెళ్లాలి. ఏ హోటలని పేరు చెప్పను, బస్టాండు చుట్టుపక్కల జనం ఎక్కువగా నిలబడినచోట తింటే చాలు.

మిగిలిన పూటను వృథా చేయకుండా పత్తికొండ దారి పట్టండి. గుత్తి నుంచి పదీ పదిహేను కిలోమీటర్లు పోగానే, జిల్లా సరిహద్దు దాటి కర్నూలు జిల్లాలో ఎర్రగుడి గుట్ట వస్తుంది. అశోకుడి 14 పెద్ద శాసనాలూ, రెండు చిన్న శాసనాలూ అక్కడి గుండ్ల మీద బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఉన్నాయి. 1920ల చివరలో ఒక భూగర్భ శాస్త్రవేత్త కంటపడేదాకా అవి లోకానికి తెలియవు. ఒక చిన్న శాసనంలో కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికీ, తర్వాతివి కుడి నుంచి ఎడమకూ, చేలో నాగలి తిరిగినట్టు చెక్కారు. ఎక్కడ దిశ మారుతుందో వెతకడం పిల్లలకు భలే ఇష్టం. దారిలో జొన్నగిరి, తుగ్గలి వైపు తొలకరి వానల తర్వాత వజ్రాల కోసం చేలల్లో వంగి వెతికే జనం కనబడితే ఆశ్చర్యపోకండి, అది ఏటా జరిగేదే. కోటను ఎండకు ముందూ, ఎర్రగుడిని నాలుగింటి తర్వాతా చూసేలా రోజును పంచుకోండి. గుత్తి నుంచి ఆ వైపు పోయే బస్సులు తక్కువ, తిరుగు బస్సు ఎప్పుడో కండక్టరును ముందే అడిగి దిగండి. కుటుంబంతో వెళ్లేవారు ఆటో మాట్లాడుకుని, ఉండి తీసుకువచ్చేలా బేరం చేసుకోవడం మంచిది.